యుద్ధం లెక్కలు ఇచ్చే ఉచిత సేవలు: డెల్టా సంగతులతో పరీక్ష పెడితే ఏది నిలిచింది?

రాజమండ్రిలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఉంటూ యుద్ధం, అంతర్జాతీయ భద్రత, శాంతి నిర్మాణం చదవాలనుకునేవాళ్లు చివరికి ఆధారపడేది నెట్‌లో ఉచితంగా దొరికే సరుకు మీదే. గ్రూప్-1కి చదివేవాళ్లూ అంతే, యూజీసీ నెట్‌లో 11వ కోడు సబ్జెక్టు ‘డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్’ తీసుకున్నవాళ్లూ అంతే. సరుకు తక్కువేమీ లేదు. ఏ లెక్క దేన్ని కొలుస్తోందో చూడకుండా అంకె ఎత్తుకొచ్చి జవాబులో పెట్టేయడమే అసలు చిక్కు.

అందుకే ఈ సమీక్షలో ప్రతి సేవకూ మనకు నేల తెలిసిన సంగతులతో పరీక్ష పెట్టాం. గోదావరి డెల్టా ఉత్తరపు అంచున పిఠాపురం దగ్గర 1758లో జరిగిన చందుర్తి యుద్ధం, 1954లో యానాం విలీనం, 2019లో కాకినాడ తీరంలో భారత్–అమెరికా సైనిక విన్యాసం, 2022లో అమలాపురం హింస. తీర్పు ముందే చెప్పేస్తే: యూసీడీపీ (సంఘర్షణల లెక్క), సిప్రి (ఆయుధాల, సైనిక వ్యయాల లెక్క) తప్పనిసరి. ఇగ్నో పాఠాలు పునాదికి చాలు, పైకప్పుకి చాలవు. దేశాలకి శాంతి ర్యాంకులిచ్చే ప్రపంచ శాంతి సూచీ మీద సమయం దండగ.

ఇగ్నో పేపరు, ఎంపీఎస్ఈ-006

ఇది ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలో ‘పీస్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ స్టడీస్’ అనే ఐచ్ఛిక పేపరు. నాలుగు క్రెడిట్లు. ఇగ్నో ఒక్కో క్రెడిట్‌కి 30 గంటలు లెక్కేస్తుంది కనక 120 గంటల చదువు. కోర్సులో చేరకపోయినా ఇగ్నో పాఠాలుండే ఈ-జ్ఞానకోశ్ సైటులో యూనిట్లు పీడీఎఫ్‌లుగా దింపుకోవచ్చు. తెలుగులో లేవు. ఇంగ్లీషు మాత్రం సాఫీగానే ఉంటుంది, డిగ్రీ తెలుగు మీడియంలో చేసినవాళ్లు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని లాగించేయగలరు.

యుద్ధం ఎందుకు వస్తుందన్న సిద్ధాంతాలు, పరిమిత యుద్ధానికీ అణుయుద్ధానికీ తేడా, గెరిల్లా పోరు, పరోక్ష యుద్ధం, గాంధేయ మార్గం, మానవ భద్రత... ఇవన్నీ ఒకేచోట ఇంత పొందికగా దొరకడం అరుదు. మొదటి యూనిట్ నుంచి వరసగా చదవక్కర్లేదు. సంఘర్షణను అదుపులో పెట్టడం, పరిష్కరించడం, దాని స్వభావాన్నే మార్చడం మధ్య తేడా చెప్పే యూనిట్‌తో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి యూనిట్లు చదవండి, పక్కనే సమితి చార్టర్ తెరిచి పెట్టుకుని. ఆరో అధ్యాయం (33 నుంచి 38 అధికరణలు), ఏడో అధ్యాయం (39 నుంచి 51) మూలంలో చదివితే గంట పడుతుంది. ఆ గంట చాలామంది పెట్టరు. దాంతో శాంతి పరిరక్షణ దళాల ప్రస్తావన చార్టర్‌లోనే ఉందని రాసేస్తారు. చార్టర్‌లో ఆ మాటే లేదు. 1956లో సూయజ్ సంక్షోభంలో తొలి సాయుధ దళం దిగాక ఆ పద్ధతి ఆచరణలోంచి స్థిరపడింది. నివారణ దౌత్యం, శాంతి సాధన, శాంతి పరిరక్షణ, సంఘర్షణానంతర శాంతి నిర్మాణం అనే నాలుగింటినీ విడదీసి చూపింది 1992లో అప్పటి ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘలీ ఇచ్చిన నివేదిక. పరీక్షలో వీటిని కలగాపులగం చేస్తే మార్కులు అక్కడే పోతాయి.

పాఠాలు పాతబడ్డ చోటు ఆయుధ నియంత్రణ. అమెరికా, రష్యాల మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం 2019 ఆగస్టు 2న ముగిసిపోయింది. అణ్వాయుధ నిషేధ ఒప్పందం 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది. అమెరికా, రష్యాల అణ్వాయుధాలకి పరిమితి పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని 2021లో పొడిగించినప్పుడు పెట్టిన గడువు 2026 ఫిబ్రవరి 5. ఈ మూడూ మీ నోట్సులో మీరే చేర్చుకోవాలి. మహిళలు, శాంతి, భద్రతపై భద్రతా మండలి చేసిన 1325వ తీర్మానం (2000), 2005లో ఏర్పడ్డ శాంతి నిర్మాణ కమిషన్ గురించి కూడా విడిగా చదువుకోండి.

యూసీడీపీ: ఈ జాబితాలో అన్నిటికన్నా బలమైనది

స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం నడిపే సంఘర్షణల లెక్క ఇది. నమోదు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. దీని సత్తా అంతా నిర్వచనం బిగువులో ఉంది. ప్రభుత్వాధికారం గురించో భూభాగం గురించో తగవు ఉండాలి, రెండు పక్షాల్లో కనీసం ఒకటి రాజ్యం కావాలి, పోరులో మరణాలు ఒక క్యాలెండరు సంవత్సరంలో కనీసం 25 ఉండాలి. అప్పుడే అది ‘రాజ్య సాయుధ సంఘర్షణ’. వెయ్యి చేరితే ‘యుద్ధం’. రాజ్యం లేకుండా రెండు ముఠాలు కొట్టుకుంటే అది రెండో రకం. నిరాయుధ పౌరుల్ని చంపడం మూడో రకం. కస్టడీలో జరిగే చావులు ఈ మూడో రకంలోకి రావు. పౌరహక్కుల మీద వ్యాసం రాసేవాళ్లు ఇది తెలియక బోర్లా పడుతుంటారు.

క్యాలెండరు సంవత్సరం అన్న షరతుని తేలిగ్గా తీసుకోవద్దు. డిసెంబరులో 20 మంది, తర్వాతి జనవరిలో 20 మంది చనిపోయి, ఆ రెండేళ్లలో ఇంకేమీ జరగకపోతే వార్షిక జాబితాలో ఏ ఏడూ కనిపించదు. రెండు నెలల్లో 40 ప్రాణాలు పోయినా సరే. ఇది లోపమని తిట్టక్కర్లేదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, వాళ్లు గీసిన చోటు స్పష్టంగా చెప్పారు.

వార్షిక పట్టిక 1946 నుంచి ఉంది. అసలు నిధి మాత్రం 1989 నుంచి మొదలయ్యే ఘటనల ఫైలు, జీఈడీ. ప్రతి వరుసా ఒక ఘటన: తేదీ, అక్షాంశం, రేఖాంశం, రెండు పక్షాల మృతులు, పౌర మృతులు, ఆపైన కనిష్ఠ, గరిష్ఠ, ఉత్తమ అంచనాలు. వ్యాసంలో ఉత్తమ అంచనా ఒక్కటే రాసి ఊరుకోకండి. కనిష్ఠానికీ గరిష్ఠానికీ ఎడం ఎక్కువగా ఉంటే ఆ ఎడమే ఒక సమాచారం.

ఫోన్‌లో ఈ ఫైలు జోలికి పోవద్దు. మూడు లక్షలకు పైగా వరుసలు, ఒక్కోదానికి యాభై దాకా గడులు. గూగుల్ షీట్స్ పరిమితి కోటి గడులు, కాబట్టి అక్కడ తెరుచుకోదు. డెస్క్‌టాప్ ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది, దానికి 10,48,576 వరుసల దాకా జాగా ఉంది. తెరిచాక మొదట దేశం కోడు 750 (అది భారత్) పెట్టి వడపోసి, ఆ వరుసల్ని వేరే ఫైలుగా దాచుకోండి. ఆ తర్వాత ఫోన్‌లోనైనా చూసుకోవచ్చు.

ఇప్పుడు డెల్టా పరీక్ష. జిల్లా గడిలో తూర్పు గోదావరి అని వడపోస్తే వచ్చేది డెల్టా కాదు. పాత తూర్పు గోదావరిలో కోనసీమ కొబ్బరితోటలూ ఉన్నాయి, రంపచోడవరం, మారేడుమిల్లి అడవులూ ఉన్నాయి. మావోయిస్టు సంఘర్షణ ఏజెన్సీది, జిల్లా పేరు మాత్రం ఉమ్మడిది. దానికి తోడు చింతూరు, కూనవరం 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండి తర్వాత తూర్పు గోదావరిలో కలిశాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు ఆ ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. జిల్లా పేరు పట్టుకుని ముప్పై ఏళ్ల గ్రాఫు గీస్తే హింస తగ్గిందో, హద్దు జరిగిందో చెప్పలేం.

దీనికి మందు అక్షాంశ, రేఖాంశాలు. డెల్టా దాదాపుగా 16.3 నుంచి 17.05 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.3 నుంచి 82.4 తూర్పు రేఖాంశం మధ్య ఉంటుంది. అంతర్వేది 16.3 దగ్గర, రాజమండ్రి 17.0 దగ్గర. రంపచోడవరం 17.4 పైన, అంటే ఈ చట్రం బయట. అలాగని ఇంతటితో వదిలేయకండి. చోటు కచ్చితంగా తెలియని ఘటనలకి కూడా వాళ్లు ఏదో ఒక బిందువు ఇస్తారు, జిల్లా వరకే తెలిస్తే జిల్లాకి ఒక ప్రాతినిధ్య బిందువు. అడవిలో జరిగింది మైదానంలో చుక్కగా పడొచ్చు. చోటు కచ్చితత్వం చెప్పే గడిలో 1, 2 అంకెలున్న వరుసలే ఉంచండి (1 అంటే కచ్చితమైన చోటు, 2 అంటే దాదాపు 25 కిలోమీటర్ల లోపు). 3 జిల్లా స్థాయి, 4 రాష్ట్ర స్థాయి. ఈ ఒక్క వడపోత చేయనందుకు తప్పుడు పటాలు గీసిన ప్రాజెక్టు రిపోర్టులు కోకొల్లలు.

ఇంకొకటి. జీఈడీలో ‘క్రియాశీల సంవత్సరం’ అని ఒక గడి ఉంటుంది. 25 గీత దాటని ఏడాదిలోని ఘటనలు కూడా ఫైలులో ఉండొచ్చు, అదే జంట పక్షాలు వేరే ఏడాది గీత దాటి ఉంటే. వార్షిక పట్టిక మొత్తానికీ మీ కూడికకీ పొంతన కుదరకపోతే ముందు అనుమానించాల్సింది ఈ గడినే.

అమలాపురం 2022: ఈ లెక్కలో లేదు, రాదు కూడా

కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మీద 2022 మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, పోలీసులు గాయపడ్డారు. ప్రాణాలు పోలేదు. జీఈడీలో ఘటనగా ఎక్కాలంటే కనీసం ఒక మరణం ఉండాలి కాబట్టి యూసీడీపీ దృష్టిలో ఆ రోజు డెల్టాలో ఏమీ జరగలేదు.

ఇలాంటివాటికి చూడాల్సింది ఎక్లెడ్ (ACLED) అనే ఘటనల లెక్క. మరణాలతో నిమిత్తం లేకుండా నిరసనలు, అల్లర్లు, పౌరులపై దాడులు, సాయుధ పోరాటాలు వేర్వేరు ఖాతాల్లో నమోదు చేస్తుంది. భారత్‌కి 2016 నుంచి ఉంది. నమోదు తప్పనిసరి, కాలేజీ ఈమెయిల్ ఉంటే దాంతోనే చేసుకోండి. దీని బలహీనత, వార్తాపత్రికలు రాసిందే ఘటన. విలేఖరి ఎక్కువున్న ఊళ్లో అల్లర్లు ఎక్కువ కనిపిస్తాయి. ఘటనల సంఖ్య పెరిగితే హింస పెరిగిందని వెంటనే రాయకుండా, వార్తల కవరేజి పెరిగిందేమో చూడండి. యూసీడీపీ అంకెనీ ఎక్లెడ్ అంకెనీ ఒకే గ్రాఫు మీద గీయడం మాత్రం నేరం కింద లెక్క.

అమలాపురాన్ని అర్థం చేసుకోవడానికి అంకెల కన్నా ఇగ్నో పాఠాల్లోని సిద్ధాంతమే అక్కరకొస్తుంది. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ త్రిభుజంలో మూడు కొసలు: పైకి కనిపించే ప్రవర్తన, మనసుల్లోని వైఖరి, అడుగున ఉన్న వైరుధ్యం. తగలబడ్డ ఇళ్లు ప్రవర్తన. 144 సెక్షన్, అరెస్టులు, నెట్ బంద్ ముట్టుకునేది ఆ ఒక్క కొసనే. హింస ఆగడం ఆయన భాషలో ప్రతికూల శాంతి మాత్రమే. కులాల మధ్య భూమి, గౌరవం, అధికారం పంపకంలోని వైరుధ్యం అలాగే ఉంటుంది. శాంతి నిర్మాణ పండితుడు జాన్ పాల్ లెడరాక్ చెప్పిన మూడంచెల పిరమిడ్‌ని ఇక్కడికి తెస్తే, పైన మంత్రులు, కింద పేటల్లోని జనం, మధ్యలో రెండువైపులా మాట చెల్లే లాయర్లు, లెక్చరర్లు, డ్వాక్రా సమాఖ్య నాయకురాళ్లు, చర్చి, గుడి కమిటీల పెద్దలు. ఆ మధ్య అంచె ఎవరో పేర్లతో సహా పట్టిక వేయడం శాంతి నిర్మాణంలో తొలి పని. ఈ పనికి ఏ డేటాబేసూ సాయం చేయదు.

సిప్రి: టీఐవీ డాలరు కాదు

స్టాక్‌హోమ్‌లో 1966లో పెట్టిన సంస్థ సిప్రి. ఆయుధ బదిలీల లెక్క 1950 నుంచి, సైనిక వ్యయం లెక్క 1949 నుంచి ఉచితంగా ఇస్తుంది. రెండూ వేరు, రెండింటి ఉచ్చులూ వేరు.

బదిలీల లెక్క టీఐవీ అనే సొంత కొలమానంలో ఉంటుంది. ఆయుధం అమ్మిన ధరతో దానికి పనిలేదు, ఎంత సైనిక సామర్థ్యం చేతులు మారిందో అది కొలుస్తుంది. కాకినాడ తీరం నుంచే ఉదాహరణ చూద్దాం. 2019 నవంబరు 13 నుంచి 21 దాకా విశాఖ, కాకినాడల్లో ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసం జరిగింది. విపత్తు సాయం దాని ఇతివృత్తం (1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమకి ఆ పని ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు). అందులో పాల్గొన్న మన ఓడ ఐఎన్ఎస్ జలాశ్వ అంతకుముందు అమెరికా నౌకాదళపు ట్రెంటన్. 2007లో సుమారు 4.8 కోట్ల డాలర్లకు కొన్నాం, దానితోపాటు ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు విడి ఒప్పందంలో వచ్చాయి. కొన్నది పాత ఓడ కాబట్టి ధర తక్కువ. సిప్రి పద్ధతి వేరు: వేరే సైన్యం వాడేసిన ఆయుధానికి కొత్తదాని విలువలో 40 శాతం, అమ్మేముందు గట్టిగా మరమ్మతు చేసి ఇస్తే 66 శాతం వేస్తుంది. ధరతో పోలిక కుదరదు, కుదరాల్సిన పనీ లేదు. ‘భారత్ ఇన్ని మిలియన్ డాలర్ల ఆయుధాలు దిగుమతి చేసుకుంది’ అని టీఐవీ అంకె పక్కన డాలరు గుర్తు పెడితే ఆ వాక్యం మొత్తం తప్పే.

వాడే క్రమం ఇది. ‘ట్రేడ్ రిజిస్టర్’ తెరిచి సరఫరాదారుగా అమెరికా, గ్రహీతగా భారత్, ఏళ్లు 2005–2010 పెట్టండి. వచ్చే పట్టికలో ఆర్డరు చేసిన ఏడాది, చేరిన ఏడాది విడిగా ఉంటాయి. మీకు కావాల్సింది చేరిన ఏడాది, ఎందుకంటే టీఐవీ చేరినప్పుడే లెక్కలోకి వస్తుంది. చివరి గడిలోని వ్యాఖ్య తప్పక చదవండి, పాతదా కొత్తదా, లైసెన్సుతో ఇక్కడ తయారైందా అన్నది అక్కడే తేలుతుంది. ఒక్క ఏడాది అంకెతో ధోరణి చెప్పొద్దు. ఒక పెద్ద ఓడ చేరిన ఏడు గీత కొండెక్కుతుంది, మరుసటి ఏడు లోయలో పడుతుంది. అందుకే సిప్రి ఐదేళ్ల మొత్తాల్ని పోలుస్తుంది, మీరూ అదే చేయండి. తుపాకులు, తూటాలు ఈ లెక్కలో లేవు, పెద్ద ఆయుధాలే. సైనిక విన్యాసాలు కూడా లేవు. వాటికి పత్రికా సమాచార కార్యాలయం ప్రకటనలు తేదీ పెట్టి వెతుక్కోవాలి.

సైనిక వ్యయం దగ్గర ఇంకో తకరారు. 2024లో భారత్ వ్యయం 86.1 బిలియన్ డాలర్లు, ప్రపంచంలో అయిదో స్థానం అని సిప్రి లెక్క. రక్షణ శాఖ 2024–25 బడ్జెట్ 6.21 లక్షల కోట్ల రూపాయల్ని డాలర్లలోకి మారిస్తే అంత రాదు. రెండిట్లో ఒకటి అబద్ధమని కాదు. హోంశాఖ కింద ఉన్న సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి దళాల ఖర్చు సిప్రి కలుపుతుంది. ఏప్రిల్–మార్చి ఆర్థిక సంవత్సరాన్ని జనవరి–డిసెంబరులోకి మార్చుకుంటుంది. అణ్వాయుధాల ఖర్చు మాత్రం ఇందులో లేదు. జవాబులో ఏదైనా ఒకటే మూలం వాడండి. పాకిస్తాన్ అంకె సిప్రిదీ, మన అంకె బడ్జెట్‌దీ పెట్టి పోల్చడం చాలా పుస్తకాల్లో కూడా కనిపించే తప్పు.

విదేశాంగ శాఖ ఒప్పందాల భాండాగారం, యానాం

ఇది అంతగా పేరు లేని సేవ. విదేశాంగ శాఖ సైటులోనే భారత్ చేసుకున్న ఒప్పందాల మూలపాఠాలు వెతుక్కోవచ్చు. వెతుకులాట పెట్టె మొండిది. దేశం పేరు, ఏడాది పెట్టి జాబితా రప్పించుకుని కళ్లతో వెతకడం నయం. స్కాన్ ప్రతుల్లో అక్షరాలు మసకగా ఉంటాయి, కాపీ–పేస్టు పనిచేయదు.

అయినా శాంతి నిర్మాణం చదివే డెల్టా విద్యార్థికి ఇక్కడ ఉన్నంత మంచి పాఠం ఇంకోచోట లేదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాం పాలన చేతుల్లోకి తీసుకున్నారు. అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధుల ఓటింగు, 178 మందిలో 170 మంది విలీనం వైపు. నవంబరు 1న వాస్తవ అధికార బదిలీ. 1956 మే 28న ఫ్రాన్స్‌తో అప్పగింత ఒప్పందం. ఫ్రాన్స్ ఆమోదించి అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న, అల్జీరియా యుద్ధం ముగిసిన ఏడాది. ఏ తేదీ అడిగారో చూడకుండా 1954 అని గీకేస్తే మార్కు పోతుంది, ఎందుకంటే చట్టరీత్యా విలీనం 1962ది.

ఒప్పందంలో జాతీయత అధికరణల్ని నెమ్మదిగా చదవండి. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు భారతీయులవుతారు, కాని ఆరు నెలల్లోగా లిఖితపూర్వకంగా కోరితే ఫ్రెంచి జాతీయత ఉంచుకోవచ్చు. ప్రజాప్రతినిధులు కాదనేదాకా ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుంది. ఓడినవాడికి, తగ్గినవాడికి మర్యాదగా తప్పుకునే దారి వదలడమెలాగో ఇంత పొట్టిగా చెప్పిన పత్రం అరుదు. యూసీడీపీలో యానాం కోసం వెతకకండి, 25 గీత దగ్గరికి కూడా వచ్చిన వ్యవహారం కాదిది.

చందుర్తి సంగతి

1758లో ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషువాళ్లు, వాళ్లకి తోడు విజయనగరం ఆనంద గజపతిరాజు కలిసి కాన్‌ఫ్లాన్స్ ఫ్రెంచి సేనని ఓడించారు. మరుసటి ఏడు బందరు కోట పడింది, ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివాళ్ల పట్టు జారింది. పైన చెప్పిన ఏ డేటాబేసూ అంత వెనక్కి పోదు. వాటికన్నా పాతకాలానికి వెళ్లే ‘కోరిలేట్స్ ఆఫ్ వార్’ అనే యుద్ధాల లెక్క కూడా 1816తోనే మొదలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్ ఉచితంగా ఉంది, చందుర్తికి అది చాలు. గెలిచినవాళ్ల రాత అన్నది మాత్రం గుర్తుంచుకుని చదవాలి.

ప్రపంచ శాంతి సూచీ

2007 నుంచి వస్తోంది, 163 దేశాలు, 23 సూచికలు, అంతర్గత శాంతికి 60 శాతం, బాహ్య శాంతికి 40 శాతం బరువు. ర్యాంకు అడిగే బిట్టు ప్రశ్నకి పనికొస్తుంది. సూచికల్లో కొన్ని నిపుణులు ఒకటి నుంచి ఐదు దాకా వేసిన మార్కులు. దేశమంతటికీ ఒకే అంకె, కోనసీమకీ బస్తర్‌కీ అదే. దాన్ని పట్టుకుని విశ్లేషణ రాయకండి.

దింపుకున్నాక చేయాల్సిన పని ఒకటుంది. 2022 మేలో కోనసీమలో నెట్ రోజుల తరబడి ఆగిపోయింది, అలాంటప్పుడు ఈ సేవలేవీ తెరుచుకోవు. పీడీఎఫ్‌లు, సీఎస్‌వీలు పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. యూసీడీపీ ఫైలు పేరులో వెర్షన్ చెరిపేయకండి. 25.1 అంటే 2024 దాకా ఘటనలున్న ఫైలు, ప్రతి కొత్త వెర్షన్‌లో పాత ఏళ్ల అంకెలు కూడా సవరిస్తారు. ప్రతి డేటా ఫైలు పక్కన దాని కోడ్‌బుక్ కూడా పెట్టుకోండి. గడి పేర్లు పొట్టి అక్షరాల్లో ఉంటాయి, కోడ్‌బుక్ లేకపోతే ఏది పౌర మృతుల గడో, ఏది వివరం తెలియని మృతులదో తేల్చుకోలేరు.